అశ్వగంధ చూర్ణం కెనడాకు దిగుమతి: ఆయుష్ లైసెన్సు సరిపోతుందా?

ప్రశ్న (బ్రాంప్టన్ వ్యాపారి):
హైదరాబాద్ దగ్గర తయారయ్యే అశ్వగంధ చూర్ణం, 100 గ్రాముల డబ్బాలు తెప్పించి ఇక్కడి ఇండియన్ షాపులకు వేద్దామనుకుంటున్నాను. తయారీదారుకు ఆయుష్ లైసెన్సు (ఇండియాలో ఆయుర్వేద మందుల తయారీకి ఇచ్చేది), జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) సర్టిఫికెట్ ఉన్నాయి. మోతాదు రోజుకు 3 గ్రాములు. నా వైపు నుంచి ఏం కావాలి? ముందు దేనితో మొదలుపెట్టాలి?

లైసెన్సుల లెక్క (జవాబు):
ఆ కాగితాలు ఇండియాలో పనికొస్తాయండి, ఇక్కడ వాటితో సరిపోదు. 2004 జనవరి 1 నుంచి నేచురల్ హెల్త్ ప్రొడక్ట్స్ రెగ్యులేషన్స్ (సహజ ఆరోగ్య ఉత్పత్తుల నిబంధనలు) అమల్లో ఉన్నాయి. సరుకుకు ప్రొడక్ట్ లైసెన్సు కావాలి, దాంతో 8 అంకెల ఎన్‌పీఎన్ (నేచురల్ ప్రొడక్ట్ నంబరు) వస్తుంది. మీకు సైట్ లైసెన్సు కావాలి, అందులో దిగుమతి అని రాసి ఉండాలి. ఈ రెండింట్లో ఏది లేకున్నా అమ్మకం కుదరదు.
ఎన్‌పీఎన్ ఎవరి పేరు మీద అన్నది ముందే తేల్చుకోండి. తయారీదారు పేరు మీద ఉంటే రేపు ఇంకో దిగుమతిదారుకు ఇస్తానంటే మీరు చేసేదేమీ ఉండదు.
అశ్వగంధకు హెల్త్ కెనడా (ఇక్కడి ఆరోగ్య శాఖ) మోనోగ్రాఫ్, అంటే ముందే ఆమోదించిన వివరాల పత్రం ఉంది. మోతాదు, ఉపయోగం, హెచ్చరికలు అందులో ఉన్నట్టే రాస్తే దరఖాస్తు తేలిక. "షుగర్ తగ్గిస్తుంది" లాంటిది ఒక్క ముక్క కలిపారా, విడిగా ఆధారాలు అడుగుతారు.

క్వాలిటీ మనిషి (జవాబు):
తయారీ యూనిట్‌ను మీ సైట్ లైసెన్సులో చేర్చాలి, జీఎంపీ ఆధారాలు చూపించాలి. డబ్బాల్లో నింపేది వేరే యూనిట్ అయితే దానికీ ఆధారాలు కావాలి, చాలామంది మరిచేది ఇదే. క్వాలిటీ అష్యూరెన్స్ రిపోర్టులో (జీఎంపీ ఎలా పాటిస్తున్నారో చూపే నివేదిక) "పాటిస్తున్నాం" అని రాసి వదిలేస్తే వెనక్కి ప్రశ్నలు వస్తాయి. వివరాలు రాసి ఉన్న బ్యాచ్ రికార్డు, శుభ్రత రిజిస్టరు కాపీలు జతచేయండి.
అన్నింటికన్నా ముందు సీసం పరీక్ష చేయించండి. ఇండియాలో పరిమితి 10 పీపీఎం (గ్రాముకు 10 మైక్రోగ్రాములు), అంటే 3 గ్రాముల్లో 30 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. ఇక్కడ కిలో శరీర బరువుకు రోజుకు 0.14 మైక్రోగ్రాములు, 70 కిలోల మనిషికి 9.8. అంటే మీ చూర్ణంలో సీసం 3.2 పీపీఎం దాటకూడదు. ఇండియాలో నిక్షేపంగా పాసైన బ్యాచ్ ఇక్కడ ఫెయిలయ్యేది అందుకే. సర్టిఫికెట్‌లో "పాస్" అని కాదు, అంకె ఎంతో అడగండి.

బ్రాంప్టన్ వ్యాపారి:
ఈలోగా సొంత వాడకం కింద కొంచెం తెచ్చి షాపుల్లో చూపించొచ్చా? లేబుల్ స్టిక్కర్లు నేనే ఇక్కడ అంటించుకోవచ్చా?

లైసెన్సుల లెక్క:
సొంత వాడకానికి 90 రోజుల సరిపడా, లేదా ఒక కోర్సుకు సరిపడా, ఏది తక్కువైతే అదే. అది అమ్మడానికి కాదు.
స్టిక్కర్ అంటించడం కూడా లేబులింగ్ కిందికే వస్తుంది, కాబట్టి సైట్ లైసెన్సులో ఆ పని కూడా చేర్పించుకోవాలి. హైదరాబాద్‌లోనే అచ్చు వేయించడం మేలు: ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ, ఎన్‌పీఎన్, లాట్ నంబరు, గడువు తేదీ, లైసెన్సుదారుతో (ఎన్‌పీఎన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు) పాటు మీ పేరు, చిరునామా.
అమ్మాక ఎవరికైనా తీవ్రమైన దుష్ప్రభావం వచ్చిందని తెలిస్తే 15 రోజుల్లో హెల్త్ కెనడాకు తెలపాల్సింది లైసెన్సుదారు. ఎన్‌పీఎన్ తయారీదారుదైతే ఫిర్యాదు మీ చెవిన పడిన రోజే వాళ్లకు మెయిల్ పెట్టేలా ఒప్పందంలో రాసుకోండి.