కూరగాయలు సబ్బు నీళ్లలో నానబెట్టొచ్చా? పాల ప్యాకెట్‌కి శానిటైజర్ కొట్టాలా?

ప్రశ్న: కావలి నుంచి

అందరికీ నమస్తే. మాది ఉమ్మడి కుటుంబం. మామయ్యకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, అందుకే అత్తయ్యకు టెన్షన్ ఎక్కువ. ఈ 2021 మే నెలలో కరోనా కర్ఫ్యూ మొదలైనప్పటి నుంచి సరుకులన్నీ మా ఆయనే తెస్తున్నారు. తెచ్చిన కూరగాయలు గుమ్మం దాటకముందే బట్టల సబ్బు పొడి కలిపిన బకెట్లో పడిపోతాయి. గోంగూర, తోటకూర కూడా అంతే. పప్పు పొట్లాలకు, పాల ప్యాకెట్లకు అత్తయ్య శానిటైజర్ కొడతారు. మిగతావి మూడు రోజులు వరండాలోనే ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు. మొన్న గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకుంటే సబ్బు వాసన. పిల్లలకు ఆ రాత్రి వాంతులు, విరేచనాలు. అడిగితే "వీడియోలో డాక్టరే చెప్పాడు" అంటారు.

ఏది కడగాలి, ఎట్లా కడగాలి, ఏది ఊరికే వదిలేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి. మీ జవాబులు అత్తయ్యకు చదివి వినిపిస్తాను, కాబట్టి ఆమె నొచ్చుకునేట్టు మాత్రం రాయకండి.

జవాబు: ఒంగోలు, స్టాఫ్ నర్సు

అమ్మా, మీ అత్తగారి భయం అర్థమవుతోంది. షుగర్ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఎవరైనా అట్లాగే భయపడతారు. కానీ కూరగాయలకు సబ్బు నీళ్లు మాత్రం ఈ రోజే ఆపించండి. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని విడగొడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కోమనేది అందుకే. ఆ సంగతి విని కూరగాయలకూ అదే చేస్తే మంచిదనుకోవడం సహజమే. అయితే చేతికి అంటిన సబ్బు నీళ్లతో పోతుంది. గోంగూర ఆకుల మడతల్లో, కాలీఫ్లవర్ పువ్వులో, బెండకాయ నూగులో చేరింది అంత తేలిగ్గా పోదు. అరగంట నానితే కాయ కూడా కొంత పీల్చుకుంటుంది. అది కడుపులోకి పోతే వికారం, వాంతులు, విరేచనాలు. పిల్లలకు అయింది అదే అయుండొచ్చు. ఇంకా తగ్గకపోతే ఓఆర్‌ఎస్ పట్టిస్తూ డాక్టరుకి చూపించండి, ఇక్కడ జవాబుల కోసం ఎదురు చూడకండి.

కూరగాయలకు మామూలు మంచినీళ్లు చాలు. ధారగా పడే నీళ్ల కింద వేళ్లతో రుద్ది కడగండి. బంగాళాదుంప, కీరదోస, సొరకాయ లాంటి గట్టి తోలున్నవాటిని కూరగాయలకే విడిగా పెట్టుకున్న బ్రష్‌తో రుద్దొచ్చు. మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా పళ్లకు, కూరగాయలకు సబ్బులు, క్రిమిసంహారక మందులు వాడొద్దనే చెప్పింది. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో కాసేపు వేస్తే పురుగు, మట్టి వదులుతాయి. దానికి పనికొస్తుంది, వేసుకోండి. వైరస్ చస్తుందని మాత్రం నమ్మకం పెట్టుకోకండి.

ఇక మూడు రోజుల సంగతి. 2020 మార్చిలో ఒక పరిశోధన వచ్చింది. ఈ వైరస్ ప్లాస్టిక్ మీద, స్టీలు మీద 72 గంటల దాకా, అట్టపెట్టె మీద 24 గంటల దాకా కనబడిందని అందులో రాశారు. ఆ లెక్క టీవీల్లో తిరిగి తిరిగి మన వరండాల్లోకి వచ్చింది. అది ప్రయోగశాలలో, బోలెడంత వైరస్‌ను కావాలని వేసి, ఎండా గాలీ లేనిచోట చూసిన లెక్క. అంత సేపు ఉన్నా గంట గంటకూ తగ్గిపోతూనే ఉంటుంది. తర్వాత ఏడాది అనుభవంతో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో, వైరస్ ఉన్న వస్తువును ముట్టుకుంటే జబ్బు అంటుకునే అవకాశం మామూలుగా పదివేలల్లో ఒకటి కన్నా తక్కువ అని చెప్పింది. ఎక్కువగా వస్తున్నది గాలి ద్వారానే, మనుషులు దగ్గర దగ్గరగా ఉన్నచోటే. కాబట్టి సరుకులు తెచ్చిన సంచి కన్నా, సరుకులు తేవడానికి మీవారు నిలబడ్డ ఆ గుంపే ప్రమాదం. ఇంటికి రాగానే ఆయన చేసేది ఒక్కటే: సంచి దించి, చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కోవడం. సరుకులు సర్దినవాళ్లు కూడా సర్దాక కడుక్కోవాలి. మధ్యలో ముక్కు, కళ్లు ముట్టుకోకూడదు.

జవాబు: నెల్లూరు

నర్సమ్మగారు చెప్పింది అక్షరాలా కరెక్ట్. నేను మాట్లాడాలనుకున్నది శానిటైజర్ గురించి. అది సారాయి లాంటిదే, అగ్గి తగిలితే గుప్పున అంటుకుంటుంది. వంటింట్లో, పొయ్యి పక్కన పెట్టుకుని ప్యాకెట్లకు కొట్టడం కన్నా ప్రమాదం ఇంకొకటి లేదు. చేతులకు రాసుకున్నా పూర్తిగా ఆరాకే పొయ్యి దగ్గరికి వెళ్లాలి. ఇంటికి వచ్చాక ఎట్లాగూ సబ్బూ నీళ్లూ ఉంటాయి కదా, శానిటైజర్ బజారులో ఉన్నప్పుడే వాడుకోండి.

పిల్లలున్న ఇల్లు అంటున్నారు, దాన్ని ఎత్తులో పెట్టండి. తాగే నీళ్ల సీసాలో మాత్రం పోయకండి. పోయిన ఏడాది జూలై చివర్లో మన ప్రకాశం జిల్లా కురిచేడులో ఏమైందో అందరికీ తెలుసు. మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు. వాళ్లు తెలిసి తాగారు, పిల్లలైతే తెలియక తాగుతారు.

ప్రశ్న: కావలి నుంచి

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. అత్తయ్యకు చదివాను. "సరే, సబ్బు మానేస్తా, బ్లీచింగ్ పౌడర్ చిటికెడు వేస్తా, మునిసిపాలిటీ వాళ్లు వీధంతా అదే చల్లుతున్నారు కదా" అన్నారు! దీనికేం చెప్పమంటారు? పాలు, గుడ్లు, చేపల సంగతి కూడా చెప్పండి. మామయ్యకు ఆదివారం చేపల పులుసు లేకపోతే అన్నం దిగదు.

జవాబు: ఒంగోలు, స్టాఫ్ నర్సు

వీధికి చల్లేది వీధికే అమ్మా. బ్లీచింగ్ పౌడర్ చిటికెడు అంటే ఎవరి చిటికెడు? నీళ్ల శుద్ధికి క్లోరిన్ వాడతారు గానీ, అది లీటరుకు మిల్లీగ్రాముల్లో కొలిచి వేస్తారు. డబ్బా మూత తీసి పెట్టిన పౌడర్‌లో సత్తువ ఎంత మిగిలిందో కూడా ఇంట్లో తెలియదు. తక్కువైతే దండగ, ఎక్కువైతే గొంతు మంట, కడుపు మంట. అత్తగారికి ఇంకో మాట తప్పకుండా చెప్పండి: బ్లీచింగ్‌ను బాత్‌రూమ్ యాసిడ్‌తో గానీ, వెనిగర్‌తో గానీ, నిమ్మరసంతో గానీ కలపకూడదు. విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్‌రూమ్‌లో అయితే మరీ ప్రమాదం.

పాలు: ప్యాకెట్‌ను కొళాయి కింద కడిగి, గుడ్డతో తుడిచి, కత్తిరించి గిన్నెలో పోసుకుని కాయండి. కాస్తే ఏ వైరస్సూ మిగలదు. కవర్ చెత్తలో వేసి చేతులు కడుక్కోండి. డెయిరీ పాలు ముందే వేడిచేసి చల్లార్చి పంపుతారు, లోపలి పాల గురించి భయమే వద్దు. ఈ ఎండల్లో పాలను, పెరుగును వరండాలో పెట్టడం మాత్రం అస్సలు వద్దు. కరోనాకు ముందు విరేచనాలొస్తాయి.

గుడ్లు: తెచ్చిన వెంటనే కడిగి దాచకండి. పెంకు మీద సహజంగా ఒక సన్నటి పూత ఉంటుంది, కడిగితే అది పోయి బయటి క్రిములు లోపలికి దిగడానికి వీలవుతుంది. అట్లాగే ఫ్రిజ్‌లో పెట్టి, వండే ముందు కడుక్కోండి. ఆకుకూరలూ అంతే, తడితో దాస్తే రెండో రోజుకే కుళ్లుతాయి. మట్టి దులిపి, కాగితంలో చుట్టి పెట్టి, వండేటప్పుడు మూడు నాలుగు నీళ్లలో జాడించుకోండి.

జవాబు: నెల్లూరు

చేపల గురించి నెల్లూరోడిని అడక్కుండా జవాబు రాస్తారా! చేప తిన్నందుకు కరోనా అంటుకుంటుందన్నది ఒట్టి పుకారు. పోయిన ఏడాది కోడిమాంసం మీద ఇదే పుకారు పుట్టి, కోళ్లను అడిగినంతకే అమ్ముకున్నారు పాపం. పులుసు బాగా ఉడుకుతుంది కాబట్టి చింతే లేదు. చేపల మార్కెట్లో మనిషి మీద మనిషి పడి బేరమాడతారే, అక్కడే ఉంది బాధ. ఆదివారం పొద్దున కాకుండా శనివారం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, లేదా వీధిలోకి వచ్చే బండి దగ్గర మాస్కు వేసుకుని కొనండి. ఉప్పు, పసుపు, నిమ్మకాయ పట్టించి కడగడం ఎట్లాగూ చేస్తారు, నీచు పోవడానికి అది చాలు. చేప కోసిన కత్తిపీటతో టమాటాలు తరగకుండా ముందు సబ్బుతో తోమండి. కత్తిపీటకు సబ్బు పెట్టొచ్చు, చేపకు వద్దు.

జవాబు: కనిగిరి దగ్గర పల్లె, టీచర్

అందరూ కొళాయి కింద, ధార కింద అంటున్నారు. మా ఊళ్లో కొళాయి ఏ రోజు వస్తుందో దేవుడికే తెలియాలి. ట్యాంకర్ వచ్చిన రోజు బిందెలు నింపుకుంటాం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగడానికి క్యాను కొంటాం. ఇట్లాంటి చోట కూరగాయలు ధార కింద కడగడం అయ్యే పనేనా?

జవాబు: ఒంగోలు, స్టాఫ్ నర్సు

మంచి ప్రశ్న సార్, మేం పట్నంలో కూర్చుని రాసేటప్పుడు గుర్తుకు రాదు. ధార లేకపోతే చెంబుతో పోయండి. రెండు గిన్నెలు పెట్టుకోండి. మొదటిదాంట్లో మట్టి వదిలేలా కలిపి, బయటికి తీసి, రెండోదాంట్లో మళ్లీ జాడించి, చివర్లో జల్లిబుట్టలో వేసి ఒక చెంబు నీళ్లు పైనుంచి పోస్తే సరిపోతుంది. రెండో గిన్నె నీళ్లను తర్వాతి విడతకు మొదటి గిన్నెగా వాడుకోవచ్చు. మిగిలినవి కరివేపాకు మొక్కకు పోయండి. పైపైన కడగడానికి బోరు నీళ్లు పర్లేదు, వంటకు మాత్రం మీరు తాగే నీళ్లే. ఫ్లోరైడ్ మరగబెడితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. నీళ్లు తక్కువున్న ఇంట్లో వాటిని ముందు చేతులకు మిగల్చండి. పప్పు పొట్లాలు కడగడానికి వృథా చేయొద్దు.

జవాబు: ఒంగోలు, కిరాణా కొట్టు

ఇంతసేపూ చదివాను, కొట్టువాళ్ల తరఫున నాదీ ఒక మాట. ఈ కర్ఫ్యూలో పన్నెండుకల్లా షట్టర్ దించాలని పదకొండింటికి అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. పొద్దున ఏడింటికి కొట్లో ఈగలు తోలుకుంటూ ఉంటా. అప్పుడు రండమ్మా. ఇంకా మంచిది, ముందురోజు రాత్రి చీటీ రాసి వాట్సాప్‌లో పంపితే కట్టిపెడతా, డబ్బు ఫోన్‌లో వేస్తే లోపలికి రావాల్సిన పనే ఉండదు. కొట్టు ముందు ముగ్గుపిండితో గీతలు గీశాం, వాటిలో నిలబడమంటే కోపం వస్తుంది కొందరికి. మాట్లాడేటప్పుడే మాస్కు గడ్డం కిందికి లాగుతారు, అదేం అలవాటో! మీ ఇంటికి ఒక పొట్లం వస్తుంది, నా కౌంటర్ దగ్గరికి రోజంతా ఊరు ఊరే వస్తుంది. పొట్లానికి ఏమీ చేయకపోయినా పర్లేదు, నాతో మాట్లాడేటప్పుడు మాస్కు తీయకండి.

గుడ్డ సంచి తెచ్చుకోండి. ఇంటికి పోయాక దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే అయిపోయింది. బియ్యం, కందిపప్పు, ఉప్పు లాంటివి మీకు తృప్తిగా ఉంటే ఒక రోజు పక్కన పెట్టుకోండి, వాటికి ఏమీ కాదు.

జవాబు: నెల్లూరు

ఎండలో పెడితే వైరస్ చస్తుందని కొందరు నూనె ప్యాకెట్లు, మందుల కవర్లు కూడా మిద్దె మీద పెడుతున్నారు. రోహిణి కార్తె ఎండకు నూనె కంపు కొడుతుంది, మాత్రలు సత్తువ పోగొట్టుకుంటాయి. మీ మామయ్యగారు ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లోనే, గడ్డకట్టే అరలో కాకుండా కింద పెట్టాలి. ఈ ఎండలకు వరండాలో మూడు రోజులు ఉంచారా, ఇక పారేయడమే.

ప్రశ్న: కావలి నుంచి

ఇన్సులిన్ విషయం చదవగానే అత్తయ్య లేచి వెళ్లి వరండా అంతా చూసొచ్చారు. అదృష్టం, అక్కడ లేదు. సబ్బు బకెట్ ఇక బట్టలకే అన్నారు. ఆఖరి సందేహం ఆవిడదే: ఈ ఏడు ఆవకాయ పెట్టొచ్చా? కాయలు ఎవరెవరి చేతులు మారి వస్తాయో అని భయం. మార్కెట్లో ముక్కలు కొట్టించుకుని తెచ్చేవాళ్లం ప్రతి ఏడూ.

జవాబు: ఒంగోలు, స్టాఫ్ నర్సు

నిక్షేపంగా పెట్టమనండి. ఈసారికి ముక్కలు కొట్టించుకోకుండా కాయలుగానే తెచ్చుకోండి. కొట్టిన ముక్కను కడగలేం, కాయనైతే కడగొచ్చు. పైగా కొట్టించుకునే చోట ఎంతసేపు నిలబడాలో మీకు తెలుసు. కాయలను మంచినీళ్లలో కడిగి, పొడి గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు కత్తిపీటతో కొట్టండి. టెంక గట్టిది కాబట్టి ఆ పని మీవారికి అప్పజెప్పండి. తడి ఉంటే బూజు పడుతుంది, ఆ సంగతి మీ అత్తగారికి నాకన్నా బాగా తెలుసు. కలిపేముందు చేతులు సబ్బుతో కడుక్కుని, అవి కూడా తడి లేకుండా ఆరాకే జాడీలో పెట్టమనండి.