అప్‌డేట్: డిప్రెషన్ మందులు వాడుతూనే ఫుల్ మారథాన్ పూర్తి చేశాను

డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నాను, హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి ఫుల్ పరిగెత్తి ఆత్మహత్యల నివారణకి పనిచేసే సికింద్రాబాద్‌లోని రోష్ని సంస్థకి విరాళాలు పోగు చేద్దామనుకుంటున్నాను, కుదురుతుందా అని అడిగాను కదా. కుదిరింది! 42.195 కిలోమీటర్లూ అయింది, టైమ్ మాత్రం అడక్కండి.

ముందు డాక్టర్‌ని కలవమని మీలో చాలామంది అన్నారు, మంచి మాట చెప్పారు. నేను వాడే రకం మాత్రలతో చెమట ఎక్కువ పట్టొచ్చు, ఒంట్లో సోడియం కూడా తగ్గొచ్చట, అందుకని దాహం లేకపోయినా కనబడ్డ చోటల్లా ఉత్త నీళ్లు తాగేయకుండా ఓఆర్‌ఎస్ తీసుకోమని, పరుగు కోసమని మాత్ర మాత్రం మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు.

పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లోనే మొదలు, హుస్సేన్ సాగర్ పక్కన హాయిగానే సాగింది. అసలు కథంతా ఫ్లైఓవర్లతోనే. బండి మీద వెళ్తే తెలియదు కానీ అవి ఎంత ఎత్తో పిక్కలకి తెలిసింది. ఎక్కేటప్పుడు నడువు, దిగేటప్పుడు పరిగెత్తు అన్నవారికి ఒక దండం, ఆ ఒక్క సలహాతోనే గచ్చిబౌలి స్టేడియం దాకా చేరాను.

డబ్బు అనుకున్నంత రాలేదు. కానీ "ఆ పిచ్చి మందులెందుకురా" అనే మా బాబాయ్ డబ్బు పంపి, తర్వాత విడిగా ఫోన్ చేసి మీ డాక్టర్ ఎప్పుడుంటారని అడిగాడు.

పరుగుతో జబ్బు తగ్గిపోయిందా అంటే లేదు, నిద్ర బాగా పడుతోంది, మందులూ కౌన్సెలింగూ నడుస్తున్నాయి. ఎవరికైనా సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.