క్యాబినెట్ నంబర్లు: ప్రతి గదికీ 1 నుంచి వేయాలా, ఇల్లంతా వరుసగా వేయాలా?

బెజవాడ_ప్లై: మాది మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేసే చిన్న ఫ్యాక్టరీ. మా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గది మారగానే నంబరు మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. సెట్టింగ్ మార్చి ఇల్లంతా 1 నుంచి 38 దాకా వరుసగా వేద్దామనుకుంటున్నా. పోయిన నెల ఒక ఫ్లాట్‌లో మాస్టర్ బెడ్‌రూమ్ 3వ యూనిట్ సైడ్‌లు (పక్క పలకలు), పిల్లల గది 3వ యూనిట్ సైడ్‌లు కలిసిపోయాయి. రెండిటి ఎత్తూ 2100 ఎం.ఎం. లోతు మాత్రం ఒకటి 580, ఒకటి 560. లేబుల్ మీద నంబరు పెద్దగా ఉంది, గది పేరు చీమ తలకాయంత. షెల్ఫులు 20 ఎం.ఎం. బయటికొచ్చి షట్టర్ (తలుపు) పడకపోతే గానీ తెలియలేదు. మీరెలా వేస్తున్నారు?

కూకట్‌పల్లి_డిజైనర్: వరుస నంబర్లు మాత్రం వద్దండి. కిచెన్ 1 నుంచి 14, మాస్టర్ 15 నుంచి 20 అనుకోండి. క్లయింట్ వాళ్ల అమ్మగారు ఊరి నుంచి వచ్చి కిచెన్‌లో ఇంకో టాల్ యూనిట్ (నిలువు బీరువా) కావాలంటారు, అది 15 అయి కూర్చుంటుంది, వెనకున్నవన్నీ ఒక్కో నంబరు జరుగుతాయి. అప్పటికే బెడ్‌రూమ్ ప్లై కోసేసి ఉంటే లేబుల్‌ది ఒక దారి, డ్రాయింగ్‌ది ఒక దారి. గది వారీగా వేస్తే ఆ గోల కిచెన్‌లోనే ఆగిపోతుంది.

రంగుల_స్టిక్కర్: గదికో రంగు లేబుల్. మేం అదే చేస్తాం.

ఫిట్టింగ్_అన్న: సైట్‌లో పెట్టెలు మోసేది మేము, మా మాట కూడా వినండి. నా కుర్రాళ్లలో సగం మంది బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు, గది పేరు తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా చదవలేరు, అంకె మాత్రం చదువుతారు. ఒక ఇంట్లో నాలుగు 3లు ఉంటే హాల్లో దించిన సరుకులో ఏ 3 ఏ గదిదో ఎవరు చెప్పాలి? కిచెన్‌వి 101 నుంచి, మాస్టర్‌వి 201 నుంచి వేస్తే గదీ తెలుస్తుంది, నంబరూ తెలుస్తుంది.

మియాపూర్_కట్‌లిస్ట్: అసలు ఒకే ఇంట్లో 560, 580 రెండు లోతులు ఎందుకండీ? అన్నీ ఒకే కొలత పెడితే ఈ సమస్యే లేదు కదా.

కూకట్‌పల్లి_డిజైనర్: పిల్లల గదిలో పిల్లర్ ముందుకొచ్చి ఉంటుంది. కొలత సైట్‌ని బట్టి పెడతాం, సరదాకి కాదు.

మియాపూర్_కట్‌లిస్ట్: పిల్లర్ ఉంటే 560 రెండు గదుల్లోనూ పెట్టొచ్చుగా.

బెజవాడ_ప్లై: లోతు సంగతి వదిలేయండి సార్. 101, 201 బాగుంది. నెస్టింగ్‌లో, అంటే షీటు మీద ముక్కలు సర్దేటప్పుడు, షీటు మిగలకుండా నాలుగు గదుల ముక్కలు కలిపి కోస్తాం, ర్యాక్‌లో వేరు చేయడానికి కూడా పనికొస్తుంది. కానీ డిజైనర్ గారూ, నంబర్లు జరగడం సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఫైనల్ అని వాట్సాప్‌లో పెట్టి రెండు రోజులకు మళ్లీ మార్చిన డ్రాయింగ్ పంపుతారు, దాని మీదా ఫైనల్ అనే ఉంటుంది. నేను మొదటి ఫైనల్‌కి కోసేశాను, ఇప్పుడేం చేయాలి?

కూకట్‌పల్లి_డిజైనర్: మీ డిజైనర్ మీద కోపం నా మీద చూపించకండి. క్లయింట్ మారిస్తే నేనేం చేయను? నేను కూడా రాత్రి 11 దాకా కూర్చుని మారుస్తున్నా, దానికి నాకు రూపాయి రాదు.

బెజవాడ_ప్లై: మీకు రూపాయి రాదు, నాకు షీటు పోతుంది. 8×4 అడుగుల షీటులో 2100 సైడ్‌లు రెండే వస్తాయి. ఒక వార్డ్‌రోబ్ లోతు పెంచితే పాత సైడ్‌లు దేనికీ పనికిరావు, షీటు మొత్తం నా ఖాతాలోనే. నేను అడిగేది ఇదే. కటింగ్‌కి ఇచ్చాక పాత నంబరు ఒక్కటీ కదలకూడదు, కొత్త యూనిట్ వస్తే 114 తర్వాత 114ఎ అని వేయాలి. మార్పు వల్ల చెడిన షీటు డబ్బు మార్చమన్నవాళ్లు ఇవ్వాలి. ఈ రెండూ ఆర్డర్ ఫారంలో రాస్తారా?

కూకట్‌పల్లి_డిజైనర్: నంబరు కదలదని రాస్తాను, 114ఎ నాకూ సమ్మతమే. షీటు డబ్బు క్లయింట్ ఇవ్వాలి. ఆయన సంతకం పెట్టిన డ్రాయింగ్ అది, నా జేబులోంచి నేనెందుకు ఇస్తాను?

రంగుల_స్టిక్కర్: క్లయింట్ ఇస్తే మంచిదే. అడిగే ధైర్యం ఎవరికుంది?

ఫిట్టింగ్_అన్న: షీటు గురించే మాట్లాడుతున్నారు. నాకు ఒక సైట్‌లో ఇలాగే సైడ్‌లు తారుమారైతే ఊడదీసి మళ్లీ బిగించడానికి ఇద్దరు మనుషులకు రెండు రోజులు పట్టింది, ఆ కూలీ నా బిల్లులోనే కోసేశారు. లేబుల్ వేసింది నేను కాదు, డ్రాయింగ్ మార్చింది నేను కాదు. అది కూడా ఆ ఫారంలో రాస్తారా లేదా చెప్పండి.