శుక్రవారం రాత్రి కోల్డ్ ఫ్రంట్, శనివారం టెక్సస్ ఫ్రిస్కో పార్కులో బతుకమ్మ: దేన్ని చూసి తేల్చుకోవాలె?

తంగేడు:
శనివారం సాయంత్రం 5 నుంచి 9 దాకా పార్కు గ్రౌండ్‌ల బతుకమ్మ పెట్టుకున్నం. యాప్‌ల శుక్రవారం రాత్రికి 60 శాతం, శనివారానికి 30 శాతం వాన చూపిస్తున్నది. గురువారం మాత్రం 96 డిగ్రీల ఫారన్‌హీట్ అని ఉన్నది. చలిగాలి వస్తదంటే ఎండ పెరుగుడేంది? 10 అడుగుల టెంట్లు ఆరున్నయి, స్పీకర్లున్నయి, కార్లు గడ్డి మీదనే పెట్టాలె. హాలు కావాల్నంటే శుక్రవారం మధ్యాహ్నం 3 లోపల ఖాయం చెయ్యాలె. తెలిసినోళ్లు చెప్పండి.

ఉత్తరగాలి:
ఎండ సంగతి ముందు. ఫ్రంట్‌కు, అంటే ఉత్తరాన్నుంచి వచ్చే చల్లగాలి ముందంచుకు, ముందు గాలి నైరుతి నుంచి వీస్తుంది. పశ్చిమ టెక్సస్ ఎత్తు నేలల మీది పొడిగాలి మనవైపు దిగుతూ ఇంకా వేడెక్కుతుంది. అందుకే ఫ్రంట్ ముందురోజు వేడి పెరగడం ఇక్కడ మామూలే. యాప్ తప్పు చూపించట్లేదు.

మీకు అసలు తేలాల్సింది ఫ్రంట్ వస్తుందా రాదా అని కాదక్కా, వచ్చి దాటిపోతుందా, మన నెత్తిన ఆగిపోతుందా అని. ఈ నెలల్లో జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున వేగంగా వీచే గాలి ప్రవాహం, ఇంకా ఎక్కువగా ఉత్తరానే ఉంటుంది. చల్లగాలికి వెనకనుంచి తోపు చాలక ఓక్లహోమా సరిహద్దులోని రెడ్ రివర్ దగ్గరికి వచ్చేసరికి నీరసిస్తుంది. శనివారం పొద్దుటికి అది డాలస్‌కు దక్షిణాన ఉన్న వేకో దాటితే సాయంత్రం మీకు పొడిగా, హాయిగా ఉంటుంది. డాలస్‌కీ వేకోకీ మధ్య ఆగిందంటే మాత్రం గల్ఫ్ తేమ ఆ చల్లగాలి మీదికెక్కి రోజంతా ఆగి ఆగి జల్లు కురుస్తుంది. 30 శాతం అన్న అంకె ఈ రెంటిలో ఏదో చెప్పదు. ఆ వ్యవధిలో మీరున్న చోట కనీసం 0.01 అంగుళం పడే అవకాశం అంతని చెబుతుంది, అంతే.

కాబట్టి యాప్ వదిలి, నేషనల్ వెదర్ సర్వీస్ ఫోర్ట్ వర్త్ ఆఫీసు రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ చదవండి. తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం పూట ఒకటి వస్తాయి. అందులో 'స్టాల్' (ఫ్రంట్ ఆగిపోవడం), 'ఓవర్‌రన్నింగ్' (తేమగాలి చల్లగాలి మీదికెక్కడం) అన్న మాటలు శనివారం గురించి కనిపిస్తే హాలు తీసుకోండి. గంటగంటకూ కొత్తగా లెక్కకట్టే కంప్యూటర్ అంచనా హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ (HRRR) మోడల్. శుక్రవారం పొద్దున 7 గంటల దాని రన్ 48 గంటలు ముందుకు చూస్తుంది, 9 గంటలకల్లా తెరిచి చూడొచ్చు. 10 గంటల రన్ చూసి మోసపోకండి, అది 18 గంటలే, శనివారం తెల్లవారుజామున 4 తో ఆగిపోతుంది. ఆపైన మధ్యాహ్నం 12:30కి ఉరుముల వానల ముప్పు అంచనా వేసే స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ రెండోరోజు మ్యాప్ వస్తుంది. అది శనివారం ఉదయం 7 నుంచి ఆదివారం ఉదయం 7 దాకా. ఈ మూడూ చూశాక కూడా మీకు 3 లోపు టైముంటుంది.

ఏమైనా సరే, టెంట్లు శుక్రవారం సాయంత్రమే వేసి పెట్టొద్దు. వడగళ్లకూ ఈదురుగాలికీ అవకాశం ఎక్కువ ఆ రాత్రే. శనివారం ఉరుము వినిపిస్తే అందరినీ కార్లలోకి పంపండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే ఆట మొదలుపెట్టండి.

నల్లరేగడి:
వాన దాటిపోయినా గాలి ఉంటుంది. ఫ్రంట్ వెనక ఉత్తరగాలి శనివారం పగలంతా విసిరి, పొద్దు గుంకాక తగ్గుతుంది. మీరు టెంట్లు వేసేది సరిగ్గా గాలి జోరుగా ఉన్నప్పుడే. గాలి వేగం రెట్టింపైతే గుడ్డ మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, అందుకే గంటకు 15 మైళ్ల గాలికి కదలని టెంటు 30కి లేచిపోతుంది. కాలికి 40 పౌన్లు తక్కువ కాకుండా బరువు పెట్టండి. 5 గ్యాలన్ల బకెట్ నిండా నీళ్లు పోస్తే దాదాపు 42 పౌన్లు. ఆరు టెంట్లకు 24 బకెట్లు. తాడు కాలి అడుగున చుడితే లాభం లేదు, పై మూల జాయింటుకు కట్టి నిటారుగా బకెట్ పిడికి దించాలి. మేకులు చాలా పార్కుల్లో దిగ్గొట్టనివ్వరు, కింద స్ప్రింక్లర్ పైపులుంటాయి. పక్క గుడ్డలు కట్టకండి, తెరచాపలైపోతాయి. 25 మైళ్లు దాటి విసుర్లు వస్తుంటే టెంట్లు దించేయడమే మంచిది.

ఇక పార్కింగ్. ఆ నేల మన నల్లరేగడి లాంటిదే. ఎండకు నెర్రెలిచ్చిన నేల మొదటి వాన తాగేస్తుంది, తర్వాత ఉబ్బి నెర్రెలు పూడుకుంటాయి, నీళ్లు పైనే నిలుస్తాయి. అర్ధరాత్రికే వాన ఆగినా మర్నాడు సాయంత్రం టైర్లు దిగబడొచ్చు. శనివారం మధ్యాహ్నం నాలుగైదు చోట్ల మడమతో గట్టిగా నొక్కి చూడండి. మన్ను చెప్పుకు అంటుకుని లేస్తే కార్లు తారు మీదే.

తంగేడు:
మంచిగ చెప్పిన్రు. శుక్రవారం రాత్రి ఫ్రంట్ నిజంగ దాటిందని ఎట్ల తెలుస్తది? ఒక్కసారి చల్లగాలి కొడితే అయిపోయినట్టేనా?

ఉత్తరగాలి:
కాదు. ఉరుముల మేఘం కిందినుంచి తన్నుకొచ్చే చల్లగాలి ఫ్రంట్ కంటే ముందే పరుగెత్తి వచ్చేస్తుంది. ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలు పడిపోతుంది, గాలి ఉత్తరానికి తిరుగుతుంది, గంట రెండు గంటల్లో మళ్లీ ఉక్క. గాలిలో తేమ ఎంతుందో చెప్పే డ్యూ పాయింట్ చూడండి. 70 దగ్గరున్నది 50ల్లోకి దిగి అక్కడే నిలబడితే, పీడనం ఆగకుండా పెరుగుతుంటే అది ఫ్రంట్. ఈ కాలంలో గాలి తిరిగిన కొన్ని గంటలకు గానీ డ్యూ పాయింట్ దిగదు, కంగారు పడొద్దు.

ఎప్పుడు వస్తుందో మీరే లెక్క కట్టొచ్చు. ఆ రాష్ట్రమంతా ఉన్న వాతావరణ కేంద్రాల వ్యవస్థ ఓక్లహోమా మెసోనెట్. దాని స్టేషన్లు 5 నిమిషాలకోసారి గాలి దిక్కు చూపిస్తాయి. ఓక్లహోమా సిటీ నుంచి ఆర్డ్‌మోర్ సూటిగా 90 మైళ్లు, అక్కణ్ణుంచి ఫ్రిస్కో 70 పైచిలుకు. ఓక్లహోమా సిటీలో 6కి, ఆర్డ్‌మోర్‌లో 9:30కి గాలి తిరిగితే వేగం గంటకు 25 మైళ్ల పైన. అదే వేగంతో వస్తే మీకు అర్ధరాత్రి దాటాక. ఆర్డ్‌మోర్ చేరడానికే ఐదారు గంటలు పట్టిందనుకోండి, నీరసించిందన్నమాట. ఆగిపోయే భయం అప్పుడే.

పెరటిపాదు:
పూల మాట కూడా. పొడిగాలికి బంతి, చామంతి త్వరగా వాడతాయి. పేర్చేదాకా నీడలో తడిగుడ్డ కప్పి ఉంచండి, రేకుల మధ్య నీళ్లు నిలిస్తే మాత్రం కుళ్లుతాయి. గాలికి పక్కకి ఒరగకుండా ఉండాలంటే అడుగు వరస తాంబాళం అంచుదాకా వెడల్పుగా వెయ్యండి, నడుమ ఆకుల తుంపులు గట్టిగా దట్టించండి, ప్రతి రెండు వరసలకూ దారం చుట్టండి.

కరివేపాకు కుండీలు ఈ ఫ్రంట్‌కే లోపల పెట్టేయకండి. రాత్రి 60 దగ్గరే ఉంటుంది, దానికి ఏమీ కాదు. వెచ్చటి బయటినుంచి ఒక్కసారిగా ఇంట్లోకి తెస్తేనే ఆకు రాలుస్తుంది. రాత్రులు 50 కిందికి దిగడం మొదలయ్యాక చాలు. ఇప్పటికి శుక్రవారం సాయంత్రం నిండుగా నీళ్లు పోసి, ఇంటి దక్షిణపు గోడ వైపు చేర్చండి. తడిసిన కుండీ బరువుకు పడిపోదు. బీరపందిరి ఉంటే ఉత్తరం వైపు గుంజలకు ఒక తాడు అదనంగా బిగించండి, ఆకు నిండుగా ఉన్న పందిరి గాలికి ముందు అక్కడే లేస్తుంది.