అప్‌డేట్: బెజవాడలో కాటన్ నూలు దొరికింది

పసిపిల్లల స్వెటర్‌కి మన ఎండలకి తగ్గ కాటన్ నూలు విజయవాడలో ఎక్కడ కొనాలని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ. వన్‌టౌన్‌లో లేసులు, బొత్తాలు అమ్మే షాపులే మేలు. ఎక్కువగా అక్రిలిక్ (సింథటిక్) ఊలే కనిపిస్తుంది, కాటన్ కావాలని అడిగి తీయించుకోవాలి. చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు, అదే పెద్ద లాభం. మెరినో (మెత్తని గొర్రె ఉన్ని) లాంటివాటికి మాత్రం ఆన్‌లైనే.

లేబుల్ లేని లచ్చి అయితే ఇంటికొచ్చాక ఒక పోగు కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద వస్తే కాటన్. కరిగి గట్టి పూసలా అయితే అక్రిలిక్. వెంట్రుకలు కాలిన వాసనొస్తే ఉన్ని.

కొనేటప్పుడు గ్రాములు కాదు, మీటర్లు చూడండి. కాటన్ బరువెక్కువ, 100 గ్రాముల్లో అదే మందం అక్రిలిక్ కంటే తక్కువ పొడవు వస్తుంది. ప్యాటర్న్‌కి 600 మీటర్లు కావాలి, ఉండకి 210 మీటర్లు అనుకుంటే 3 సరిపోతాయి, అయినా 4 తీసుకోండి. అన్నిటి మీదా లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన నూలుకిచ్చే నంబరు) ఒకటే ఉండాలి. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే అల్లాక చార కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తప్పనిసరైతే రెండు లాట్లనీ రెండేసి వరసలు మార్చి మార్చి అల్లండి, తేడా కలిసిపోతుంది.

స్వెటర్ సైజు సరిగ్గా రావాలంటే ముందు 15 సెంటీమీటర్ల ముక్క అల్లి, ఉతికి, పూర్తిగా ఆరాకే మధ్యలో 10 సెంటీమీటర్లకి కుట్లు లెక్కపెట్టండి. ఉతక్కముందు తీసిన కొలత కాటన్‌లో నిలవదు.