వంతెన కింద పడవ దూరుతుందో లేదో ముందే తేల్చుకోవడం ఎలా?

ఉప్పుటేటి గట్టు (ప్రశ్న):

భావనపాడు వైపు ఉప్పుటేటిలో ఉన్న మా పడవను, ఒక చిన్న పాత వంతెన దాటించి ఎగువకు తీసుకుపోవలసి ఉన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటి నుంచి, ఆ నెల రాకముందే పడవను గాలి తగలని చోట కట్టుకోవడం మాకు అలవాటు. అయితే ఈ ఏడు ఎండకు నీడగా ఇనుప గొట్టాలతో పైకప్పు చట్రం వేయించాము. పడవ తొమ్మిది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల ఫైబరు పడవ. వలలు, డీజిలు, ఐసు అన్నీ ఉండగా నీటి నుంచి చట్రం కొస వరకు 2 మీటర్ల 15 సెంటీమీటర్లు ఉన్నది. నిన్న ఉదయం వెదురు గెడతో కొలిచినప్పుడు నీటికీ దూలం అడుగుకూ మధ్య 2 మీటర్ల 40 సెంటీమీటర్లు వచ్చింది. మిగిలిన పాతిక సెంటీమీటర్లు చాలునా? స్తంభం మీద మీటర్ల గీతలు, పైన ఎర్ర రంగుతో హెచ్‌ఎఫ్‌ఎల్ అన్న గుర్తు ఉన్నాయి. వాటిని బట్టి ఖాళీ ఎంతో చెప్పవచ్చునా?

మొగ సరంగు:

ఉదయం ఎన్ని గంటలకు కొలిచారో, అది ఏ తిథో మీరు రాయలేదు. అవి లేకుండా ఆ 2 మీటర్ల 40 అన్న అంకెకు విలువ లేదు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం) వస్తాయి. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. విశాఖపట్నం రేవు దగ్గర అమావాస్య, పున్నముల దరిని పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటే, అష్టమి, నవముల దరిని సుమారు అర మీటరే ఉంటుంది. మీరు పాటు వేళ కొలిచి ఉంటే, పోటు వేళకు ఆ వంతెన కింద మీ చట్రం కాదు కదా, కూర్చున్న మనిషి తల కూడా పట్టకపోవచ్చు.

నీరు ఎక్కే తీరు కూడా ఒకే విధంగా ఉండదు. ఆరు గంటల ఎక్కుడులో మొదటి గంట, చివరి గంట మందకొడిగా ఉండి, నడిమి రెండు గంటల్లోనే దాదాపు సగం నీరు ఎక్కేస్తుంది. ఒకటిన్నర మీటరు పోటైతే ఆ రెండు గంటల్లో ముప్పాతిక మీటరు, అంటే పది నిమిషాలకు ఆరు సెంటీమీటర్లు. మీ పాతిక సెంటీమీటర్ల మిగులు నలభై నిమిషాలలో హరించుకుపోతుంది. ఇసుక మేటతో మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) ఇరుకైన చోట ఈ తేడా తగ్గుతుంది, పోటు వేళ కూడా పట్టికలో ఉన్నదాని కన్నా ఆలస్యమవుతుంది కనుక, ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ వారి పోటు అంచనాలను చూసుకుంటూనే మీ వంతెన దగ్గర ఒక స్తంభానికి సుద్దతో గీత పెట్టి, ఒక పూట అంతా గమనించండి. మరొక సంగతి: మన వైపు సముద్రపు సగటు మట్టమే మార్చి, ఏప్రిల్ నెలల్లో కన్నా అక్టోబరు, నవంబరులలో ఎక్కువగా ఉంటుంది. వేసవిలో దాటిన పడవ కార్తీకంలో దాటకపోవడం చాలామందికి అనుభవమే.

విశ్రాంత వంతెనల ఇంజనీరు:

స్తంభం మీది అంకెలు చాలా చోట్ల సగటు సముద్ర మట్టం నుంచి లెక్కించిన ఎత్తులు. నీటి నుంచి దూలానికి ఉన్న ఖాళీ కావు. హెచ్‌ఎఫ్‌ఎల్ అంటే అత్యధిక వరద మట్టం. దానిపైన దూలానికి విడిచే ఖాళీ వరదలో కొట్టుకొచ్చే చెట్లు, చెత్త తగలకుండా ఉండటానికే. సెకనుకు 30 నుంచి 300 ఘనపు మీటర్ల ప్రవాహం గల చోట అది కనీసం 900 మిల్లీమీటర్లు; 3000 ఘనపు మీటర్లు దాటితే 1500. మామూలు రోడ్డు వంతెన కట్టేటప్పుడు మీ పడవ ఎవరి లెక్కలోనూ ఉండదు.

వంతెన అడుగు అంతటా ఒకే ఎత్తులో ఉంటుందని కూడా అనుకోకండి. దూలాలు స్తంభాల దగ్గరకు వచ్చేసరికి కొన్నిటిలో కిందికి మందంగా దిగుతాయి. రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటే రెండు కొసల కానాల (స్తంభాల నడిమి ఖాళీల) ఎత్తులు వేరవుతాయి. తరువాత ఎవరో వచ్చి పక్కన మంచినీటి గొట్టమో, కేబులో వేలాడదీసి వెళతారు. చాలా సందర్భాలలో పడవకు తగిలేది దూలం కాదు, ఆ గొట్టాన్ని పట్టి ఉంచే ఇనుప కొక్కెం. కనుక మీరు దూరదలచిన కానాను ఎగువ వైపు, దిగువ వైపు, నడుమ కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదే అసలు ఖాళీగా తీసుకోండి. గెడ నిట్టనిలువుగా ఉండాలి. వాలిన గెడ ఉన్న దానికన్నా ఎక్కువ చూపి మోసం చేస్తుంది.

కంటి అంచనాను నమ్మకండి. కింద కూర్చుని పైకి చూసేవాడికి ఎంత ఖాళీ ఉన్నా తగులుతుందేమో అనే అనిపిస్తుంది. కంటిని చట్రం కొస ఎత్తుకు తెచ్చి, నీరు నింపిన సన్నని పారదర్శక గొట్టంతో మట్టం పట్టి చూస్తే దూలం పైన ఉన్నదో కింద ఉన్నదో దూరం నుంచే తెలుస్తుంది.

ఉప్పుటేటి గట్టు:

ఇరువురికీ ధన్యవాదములు. కొలిచినది సప్తమి నాటి ఉదయం, నీరు ఇంకా దిగుతుండగా. మరి ఎగువన సరుకు దించి, పడవను ఒకసారి ఖాళీగా తిరిగి తేవలసి ఉన్నది. పోయేటప్పుడు పట్టినది వచ్చేటప్పుడు పట్టదా?

మొగ సరంగు:

పట్టకపోవచ్చు. మీ కొలత గల పడవ సుమారు 120 కిలోలకు ఒక సెంటీమీటరు మునుగుతుంది. అర టన్ను దించితే నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంతకన్నా ముఖ్యం, వెనక ఇంజను దగ్గర ఇద్దరు కూర్చుని ముందు ఖాళీ వదిలితే చట్రం ముందు కొస ఇంకా లేస్తుంది. వేగం పెంచినా ముక్కు లేస్తుంది. కనుక పడవ మీద మనుషులను ఎలా కూర్చోబెడతారో అలా కూర్చోబెట్టే చట్రం ఎత్తు కొలవండి.

దిశ విషయం. ఎదురు నీటిలో దూరడమే క్షేమం, ఎందుకంటే పట్టదని తోస్తే ఇంజను తగ్గించగానే నీరే మిమ్మల్ని వెనక్కు తీసుకొస్తుంది. వాలు నీటిలో దూరితే అదే నీరు పడవను దూలానికి అదిమి పెడుతుంది. అందుకే ఎగువకు పోవడానికి పాటు దిగుతున్న వేళ మంచిది: నీరు ఎదురు, మట్టం తగ్గుముఖం, ఒకవేళ చట్రం ఇరుక్కున్నా కాసేపటికి దానంతట అదే వదులుతుంది. పోటు ఎక్కుతుండగా ఇరుక్కుంటే మాత్రం పడవ పైకి లేవలేక నీరు అంచు దాటి లోపలికి వస్తుంది. తిరుగు దారిలో చిక్కు ఉన్నది, ఎదురు నీరు కావాలంటే పోటు వేళే పోవాలి. పాటు చివర నీరు నిలిచి, పోటు ఇంకా బలం పుంజుకోని కొద్దిసేపు చూసుకోండి. మట్టం ఎక్కడం మొదలైనా ఏటి లోపల నీరు కొంతసేపు మొగ వైపే నడుస్తూ ఉంటుంది, అది గుర్తుంచుకోండి. ఆ వేళకు నీరు బాగా తగ్గి ఇంజను ఫ్యాను అడుగు తాకుతుందేమో గెడతో ముందే చూడాలి. పైన ఖాళీ, కింద లోతు రెండూ కుదిరే వ్యవధి కొన్ని తిథులలో అసలు ఉండదు.

నాగావళి తీరవాసి:

ఉప్పుటేటికి ఇవి సరిపోతాయి గాని, వంశధార, నాగావళి మీద ప్రయత్నించేవారికి ఒక మాట. రెండు నదులూ ఒడిశా కొండలలో పుట్టినవి. ఇక్కడ చినుకు పడకపోయినా అక్కడి వానకు మట్టం గంటలలో మారుతుంది. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారన్న మాట వినిపిస్తే దిగువన పోటు పట్టిక చూసి ప్రయోజనం లేదు.

విశ్రాంత వంతెనల ఇంజనీరు:

సప్తమి కొలతతో అమావాస్యకు పోకండి. నా వరకు కనీసం 30 సెంటీమీటర్ల మిగులు లేనిదే దూరనివ్వను, మరో పడవ పక్కనుంచి పోతే లేచే అల ఒక్కటే పది, పదిహేను సెంటీమీటర్లు తింటుంది. చట్రం నిలువు గొట్టాలను అడుగున కోసి, లోపల కాస్త సన్నని గొట్టం పెట్టి రెండేసి బోల్టులతో బిగించేలా మార్పించండి. ఇద్దరు మనుషులు విప్పి పక్కన పడుకోబెట్టుకోవచ్చు. ఉప్పు గాలికి బోల్టులు పట్టేస్తాయి గనుక గ్రీజు పూసి, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.