సైకాపీజీ 3 తీసుకోవాలా, ఎసింక్‌పీజీనా?

అందరికీ నమస్కారం. చిన్న గ్రంథాలయాల కోసం పైథాన్‌లో ఒక ఓపెన్ సోర్స్ క్యాటలాగ్ రాస్తున్నాం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, మా లైసెన్సు ఎంఐటీ. పైథాన్ కోడ్‌ను డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ లైబ్రరీగా సైకాపీజీ 3 తీసుకోవాలా, ఎసింక్‌పీజీ తీసుకోవాలా అన్న దగ్గర ఎటూ తేల్చుకోలేకపోతున్నాం.

ఎసింక్‌పీజీ వేగం బాగా నచ్చింది. కానీ అది డీబీ-ఏపీఐ (పైథాన్ డేటాబేస్ డ్రైవర్ల ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో నడవదు. పాత క్వెరీల్లో విలువల స్థానంలో పర్సెంట్ ఎస్ (%s) ఉన్న ప్రతిచోటా $1, $2 అని మార్చుకోవాలి. పైగా పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లను పంచి వాడించే పీజీబౌన్సర్ 1.21 కంటే పాతదైతే, ట్రాన్సాక్షన్ మోడ్‌లో (ప్రతి ట్రాన్సాక్షన్ తర్వాత కనెక్షన్ వేరేవాళ్లకు ఇచ్చే పద్ధతి) ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతో (సర్వర్‌లో ముందే సిద్ధం చేసి ఉంచే క్వెరీలు) పేచీ. ఎవరు ఏ వెర్షన్ వాడతారో మన చేతుల్లో ఉండదు కదా!

సైకాపీజీ 3లో సింక్ (జవాబు వచ్చేదాకా ఆగే పద్ధతి), ఎసింక్ (ఆగకుండా వేరే పని చేసుకునే పద్ధతి) రెండూ ఉన్నాయి. నా మొగ్గు అటే. దాని లైసెన్సు మాత్రం ఎల్‌జీపీఎల్, ఎంఐటీ కంటే షరతులు ఎక్కువ. దాన్ని మా ప్రోగ్రామ్‌తో పాటు డాకర్ ఇమేజ్‌లో (అన్నీ సర్దిన సిద్ధమైన ప్యాకేజీ) కలిపి పంచితే లైసెన్సు ప్రకారం ఏమేం జతచేయాలి? ప్రొడక్షన్‌లో నడిపినవాళ్లు దయచేసి చెప్పండి. వేగంలో తేడా నిజంగా తెలుస్తుందా?